ఇది సినిమా ఏందిరా?

“ఎంత అమాయకులో కదా!” ‘సినిమా బండి’ గురించి నా హైదరాబాద్ స్నేహితులు ఎక్కువమంది అన్నమాట ఇదే. 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిందది. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో డ్రైవర్ వీరబాబు సినిమా మొదలుపెడతాడు. పెళ్లి ఫోటోలు తీసే గణ కెమెరామన్, మంగలిషాపు మరిడేశ్ హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిన్. నేనూ పడీ పడీ నవ్వాను. ఆ ‘అమాయకులు’ దగ్గరే నాకు పేచీ.

వీరబాబుది అమాయకపు లెక్కేం కాదు. చిన్న సినిమాలు డబ్బులు తెస్తున్నాయని టీవీలో విన్నాడు. ఆ డబ్బుతో ఊరు బాగుపడుతుందని ఆశపడ్డాడు.

నందికొట్కూరులో మా చిన్నాయన తీర్పు వేరే. “ఇది సినిమా ఏందిరా? మన వీధిలో కూచొని చూసినట్టే ఉండాది.” కాసేపటికే లేచి అరుగుమీదికి పోయాడు. ఆయన తిట్టిందే. నాకు మాత్రం అంతకు మించిన మెప్పు ఎక్కడా కనబడలేదు. తెరమీద సీమ యాస వినబడిందంటే వెనకాలే సుమోలు రావాలి, బాంబులు పేలాలి. ఆయనకే కాదు, మనందరికీ అదే అలవాటు. ప్రవీణ్ కండ్రేగుల చూపించిన పల్లె కర్ణాటక సరిహద్దుది, అక్కడి యాస అచ్చంగా మాది కాదు. అయినా ‘మన వీధి’ అన్నాడు.

కెమెరా పోగొట్టుకున్న అమ్మాయి కథ పలచనే. కానీ కంటిన్యుటీ తప్పులు పట్టే బుడ్డోడున్నాడే, వాడు నోరు తెరిస్తే నా నవ్వు మారిపోయింది. వాడికెవరూ నేర్పలేదు, బాగా చూస్తాడంతే. వాడు వచ్చేసరికి మా చిన్నాయన అరుగుమీదున్నాడు.