హట్టి నుంచి మస్కికి

బంగారం కోసం జనం ఇల్లూ వాకిలీ విడిచి పరుగెత్తిన కథ అనగానే 1849 నాటి కాలిఫోర్నియా గుర్తుకు వస్తుంది. అంత దూరం పోనక్కరలేదు. మన రాయచూరు జిల్లాలోనే అంతకంటె ఎంతో పాత బంగారు గనులు ఉన్నాయి. వాటిని చూపాలని ఒక శీతకాలపు ఉదయం తెలుగు బడి పిల్లలు కొందరిని జీపులో ఎక్కించుకొని లింగసూగూరు దారి పట్టాను.

హట్టి గనిని అక్కడివారు ‘చిన్నద గణి’ అంటారు. కన్నడంలో ‘చిన్న’ అంటే బంగారం. “ఇంత పెద్దదాన్ని చిన్నది అంటారేమి సార్?” అన్నాడు ఒక కుర్రవాడు. అర్థం తెలిసే అన్నాడు. రెండు భాషల నడుమ పెరిగే పిల్లలకు ఇటువంటి వేడుకలు ఉచితంగా దొరుకుతాయి.

1947లో హైదరాబాదు సంస్థానంలో ఏర్పడిన కంపెనీ, ఈ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన 1956లో హట్టి పేరు పెట్టుకున్నది. ఇది కాగితాలలో ఉన్న చరిత్ర. నన్ను ఆకట్టుకున్నది కాగితాలకు ఎక్కని చరిత్ర. ఇక్కడ తవ్వినవారికి భూమిలో ఎవరో ఏనాడో తవ్వి వదిలిన గుంటలు ఎదురయ్యాయి. వాటి లోతు 640 అడుగుల దాకా ఉన్నది. లోపల దొరికిన కొయ్యను పరీక్షించి, అది సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని తేల్చారు. అప్పటికి మందుగుండు లేదు. బండకు మంటపెట్టి, కాగిన బండ మీద నీళ్లు చల్లితే రాయి పగిలేది. ఊపిరాడని ఆ పొగలో మనుషులు ఎలా పనిచేశారో తలచుకొంటే ఒళ్లు జలదరిస్తుంది. పైకి తెచ్చిన పలుగురాతిని బండలలో తొలిచిన రోళ్లలో దంచి, పిండి చేసి, బియ్యంలో రాళ్లు గాలించినట్లు నీళ్లలో గాలించేవారు. టన్ను రాతిలో ఉండే బంగారం కొన్ని గ్రాములే!

ఆ రోటి గుంటలు హట్టి దగ్గరి బండల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఒక అమ్మాయి గుంటలో చెయ్యి పెట్టి నిమిరింది. “ఇక్కడ దంచినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారా సార్?” అని అడిగింది.

“లేదమ్మా” అన్నాను.

మధ్యాహ్నానికి మస్కి చేరుకొన్నాం. 1915లో బీడన్ అనే గని ఇంజనీరు బంగారపు జాడలు వెతుకుతూ ఇక్కడికి వచ్చాడు. అతనికి కనబడినది బండ మీద చెక్కిన అక్షరాలు. హెచ్. కృష్ణశాస్త్రి ఆ శాసనాన్ని చదివి, ఆ ఏడే ప్రకటించారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివిన నాటినుండి శాసనాలలోని ‘దేవానాంప్రియుడు’, ‘ప్రియదర్శి’ అనే బిరుదులు లోకానికి తెలుసు. సింహళ గ్రంథాలను బట్టి ఆ రాజు అశోకుడే అని పండితులు నమ్మారు. కాని అంతవరకు దొరికిన రాజశాసనాలలో ఆ పేరు లేదు. మస్కి బండ మీద అది ఉంది.

శాసనంలోని మాట కూడా పిల్లలకు చెప్పాను. ధర్మఫలం గొప్పవారికే అందుతుందని అనుకోరాదు, అల్పులకూ అందుతుంది, ఇద్దరికీ ఈ సంగతి తెలియజేయాలి అని రాజు చెక్కించాడు.

“గనిలోవాళ్లకు ఎవరైనా చెప్పి ఉంటారా సార్?” అన్నది ఆ అమ్మాయే.

“చదువు వచ్చినవారెవరైనా చదివి వినిపించి ఉండవచ్చు” అన్నాను.

బ్రాహ్మీలో ‘క’ అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. మన తెలుగు లిపికీ, కన్నడ లిపికీ మూలం ఆ బ్రాహ్మీయే. పుల్లతో నేల మీద అశోకుని పేరు రాసి చూపాను. పిల్లలు చుట్టూ మూగి, ఒక్కొక్కరే తమ పేర్లు ఆ లిపిలో రాయించుకొన్నారు. పొద్దు వాలేదాకా ఒక్కరూ జీపు దగ్గరకు రాలేదు.