పద్దు లేని ఖర్చు

తుంగభద్ర కాలువల వెంట క్యాంపులు వేసుకున్న తెలుగు రైతుల సంతతి మేము. గంగావతి ప్రాంతంలో బియ్యం మిల్లు అప్పు దరఖాస్తు ఏది వచ్చినా కాస్త ఇష్టంగానే చదువుతాను. ఈమధ్య వచ్చినది గింజలు ఏరే యంత్రం కోసం. కెమెరా నల్లగింజను పట్టుకుంటే గాలి దాన్ని పక్కకు చిమ్ముతుంది. అది పాత సంగతే. ఇప్పటి యంత్రంలో కృత్రిమ మేధ ఉంది. మంచివీ చెడ్డవీ విడివిడిగా చూపిస్తే తేడా తానే నేర్చుకుంటుంది. 2020లో కేంద్రం పెట్టిన పథకం కింద సూక్ష్మ ఆహారశుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ కూడా ప్రకటించారు.

మరి ఆ నమూనాలు ఏరి ఇచ్చేదెవరు? ఇన్నాళ్లూ చేటలు పట్టిన ఆడవాళ్లే. (మా అమ్మ పిడికెడు బియ్యం చూసి పాతవో కొత్తవో చెప్పేది.) రిపోర్టులో తరుగుదల ఉంది, కరెంటు ఉంది, 'కూలీ ఆదా' అని ఒక అంకె ఉంది. గురుదక్షిణకు మాత్రం పద్దు లేదు. కామర్సు చదివినవాణ్ణి, పద్దు లేని ఖర్చు నాకు మింగుడుపడదు. నమూనాలు ఏరిన రోజులకు కూలి, వారిలో ఇద్దరికి యంత్రం నడపడంలో శిక్షణ చేర్చి తెమ్మన్నాను.

"బ్యాంకు ఇవి కూడా అడుగుతుందా సార్?" అని యజమాని నవ్వాడు. అడుగుతుందన్నాను. రిపోర్టు ఇంకా తిరిగి రాలేదు.