వెనకాల ఎవరున్నారు?

‘సశేషం’ అన్న మూడక్షరాల మాటకి ఎంత బలముందో సీరియల్ రాసేవాళ్ళకీ తెలుసు, చదివేవాళ్ళకీ తెలుసు. ఆ మాట పడిన క్షణం నుంచి మళ్ళీ వారం పత్రిక చేతికొచ్చేదాకా కథ రచయిత్రిది కాదు, పాఠకురాళ్ళది. మా అమ్మా, మా పిన్నీ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఎన్ని నవలలు ముగించారో లెక్కలేదు. "చూస్తూ ఉండు, ఆ డాక్టరుకి ఇదివరకే పెళ్ళయి ఉంటుంది" అని ఒకరంటే, "అదేం కాదు, ఆ వంటావిడే అసలు తల్లి" అని ఇంకొకరు. రచయిత్రి రాసిన ముగింపు కంటే వీళ్ళ ముగింపే బాగుండేదని నాకిప్పటికీ అనుమానం.

ఈ విద్య మన ఆడవాళ్ళ సొంతమనుకునేదాన్ని. కాదట! సూపర్‌హీరోల సినిమాలూ, టీవీ కథలూ చూసే కుర్రాళ్ళు, కుర్రాళ్ళేమిటి, గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా, ప్రపంచమంతటా ఇదే పని చేస్తున్నారు. దానికి ‘ఫ్యాన్ థియరీ’ అని గొప్ప పేరొకటి. చిక్కుడుకాయలు మాత్రం ఉండవు.

మా చెల్లెలి కొడుకు ఈ శాస్త్రంలో పండితుడు. 2018లో ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ చూసొచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అందులో థానోస్ అనే రాక్షసుడు చిటికేసి సృష్టిలో సగం ప్రాణుల్ని బూడిద చేసేస్తాడు. మిగతా కథ 2019లో. మధ్యలో ఏడాది తీరిక! ఆ ఏడాదిలో పుట్టిన థియరీల్లో చాలా పేరు తెచ్చుకున్నది ఒకటుంది. చీమంతగా మారిపోగల యాంట్‌మ్యాన్, థానోస్ ఒంట్లోకి దూరి, లోపల ఒక్కసారిగా పెరిగిపోతే పీడ విరగడవుతుందని. ఏ దారిన దూరాలన్నది వాళ్ళు వివరంగానే చర్చించుకున్నారు గానీ, నలుగురూ చదివే పత్రికలో నేను రాయలేను. "మన హనుమంతుడు కూడా చిన్నవాడైపోయి సురస ఒంట్లోకి వెళ్ళొచ్చాడు కదరా, ఎంచక్కా నోటి దారిన, మర్యాదగా" అన్నాను. "ఆయన లోపల పెరగలేదు కదా పెద్దమ్మా" అన్నాడు వాడు, నా చదువుకి జాలిపడుతున్నట్టు. సినిమాలో అదేమీ జరగలేదు, అది వేరే సంగతి.

ఇక మనవాళ్ళు మాత్రం ఏం తక్కువ తిన్నారు? 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చిన దగ్గర్నుంచి 2017 ఏప్రిల్‌లో రెండోది వచ్చేదాకా, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న దేశాన్ని నిద్రపోనివ్వలేదు. "అసలు చంపితేగా, అదంతా నాటకం" అని మా వీధిలో ఒకావిడ దాదాపు రెండేళ్ళు వాదించింది. తీరా చూస్తే రాజమాత ఆజ్ఞ, దానికి కట్టుబడ్డ బానిస మాట. ఆవిడ మొహం చూడాలి, ఎవరో చీటీ డబ్బులు ఎగ్గొట్టినట్టు!

ఇవన్నీ సరదాలే. కానీ ఒక్క కథ విషయంలో ఈ ఊహల గోల నన్ను చాలా రోజులు వెంటాడింది. దాని పేరు ‘వాండావిజన్’. 2021 జనవరి 15 నుంచి మార్చి 5 దాకా, అచ్చం మన సీరియళ్ళలాగే శుక్రవారం శుక్రవారం వచ్చింది. మొదటివారం రెండు భాగాలు కలిపి వేశారు, మొత్తం తొమ్మిది. ముఖ్య రచయిత్రి ఒక స్త్రీ, జాక్ షేఫర్. అందుకే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూశాను.

చూడనివాళ్ళ కోసం కథ చెప్పక తప్పదు. వాండా సొకోవియా అనే దేశపు పిల్ల. ఆ దేశం పటంలో లేదు, వెతక్కండి. చిన్నప్పుడే బాంబు పడి తల్లీతండ్రీ పోయారు. పెద్దయ్యాక యుద్ధంలో కవల సోదరుడు పోయాడు. ఆమె ప్రేమించినవాడు విజన్, మరమనిషి. మరమనిషే అయినా మన కాలనీలో చాలామంది మగవాళ్ళ కంటే నెమ్మదస్తుడు. లోకం కోసం వాండా అతన్ని తన చేతులతోనే చంపుకోవలసి వచ్చింది. అది చాలదన్నట్టు, థానోస్ కాలాన్ని వెనక్కి తిప్పి, అతన్ని లేపి, ఆమె కళ్ళముందే మళ్ళీ చంపాడు. ఒక్క మనిషికి ఒకే భర్త చావు రెండుసార్లు!

అలాంటి వాండా ఈ కథ మొదలయ్యేసరికి వెస్ట్‌వ్యూ అనే చిన్న ఊళ్ళో, నలుపు తెలుపుల్లో, మెళ్ళో ముత్యాల దండ వేసుకుని వంట చేస్తూ కనిపిస్తుంది. విజన్ ఆఫీసు నుంచి టై కట్టుకుని వస్తాడు. వెనకనుంచి జనం నవ్వులు. పాతకాలపు అమెరికా కుటుంబ హాస్య నాటికలా ఉంటుంది. వారానికో దశాబ్దం మారుతుంది: యాభైలు, అరవైలు, డెబ్భైలు. రంగులొస్తాయి, జుట్టు ముడులు మారతాయి, కవల పిల్లలు పుడతారు. పక్కింటి ఆగ్నెస్ వేళాపాళా లేకుండా ఇంట్లోకి వచ్చి పడుతూ ఉంటుంది. నాలుగో భాగానికి తెలుస్తుంది, ఆ ఊరు నిజం ఊరేననీ, అందులో మనుషులందరూ ఏదో మాయలో బందీలనీ.

ఎవరు చేశారీ పని? ఇక చూసుకోండి!

ఫ్యాన్లందరూ ఏకగ్రీవంగా తేల్చిన పేరు మెఫిస్టో. 1968లో స్టాన్ లీ, జాన్ బుసెమా అనేవారు సృష్టించిన మార్వెల్ కామిక్స్ దయ్యం. ఊరికే అనలేదు పాపం. పాత కామిక్స్‌లో వాండా కవలపిల్లలు చివరికి ఈ మెఫిస్టో ఆత్మలోని ముక్కలేనని తేలుతుంది. ఆ ఆధారం పట్టుకుని ప్రతి మూలా వెతికారు. ఆగ్నెస్ పెంచే కుందేలే మెఫిస్టో అన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళ కమిటీని గడగడలాడించే డాటీయే మెఫిస్టో అన్నారు. తెర మీద ఎప్పుడూ కనిపించని ఆగ్నెస్ మొగుడు రాల్ఫే మెఫిస్టో అన్నారు. మాటల్లో ఎవరైనా దయ్యం సామెత వాడితే ఇంక చెప్పనక్కర్లేదు. విజన్ వేషం వేసిన పాల్ బెటనీ, తాను ఎప్పట్నుంచో కలిసి నటించాలనుకున్న ఒక గొప్ప నటుడు ఇందులో ఉన్నాడని ఊరించాడు. ఆ నటుడెవరని నానా పేర్లూ చెప్పుకున్నారు. చివరికి రెండో విజన్ ఒకడొచ్చాడు, అతనూ పాల్ బెటనీయే!

వాళ్ళ తెలివి తక్కువేం కాదు సుమండీ. పక్కింటి ఆగ్నెసే అగాథా అనే పాత మంత్రగత్తె అని మొదటి వారాల్లోనే కనిపెట్టేశారు. మొదటి భాగం మధ్యలో రొట్టెలు కాల్చే టోస్టరు వ్యాపార ప్రకటన వస్తుంది. అంతా నలుపు తెలుపు, టోస్టరు మీద టిక్కు టిక్కుమనే దీపం ఒక్కటే ఎరుపు. అది వాండా ఇంటి మీద పడ్డ స్టార్క్ కంపెనీ బాంబు గుర్తేనని చెప్పారు. అంత చిన్న దీపంలో ఒక పసిపిల్ల భయాన్ని చదవగలిగినవాళ్ళని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? నా నవలల్ని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు నాకింకా తారసపడలేదు.

ఎనిమిదో భాగంలో జవాబు వచ్చింది. అగాథాయే వాండాని చెయ్యి పట్టుకుని గతంలోకి తీసుకెళ్తుంది. ఎందుకంటే ఆ ఊరి మాయ అగాథా చేసింది కాదు. ఇంత పెద్ద పని ఈ పిల్ల ఎలా చేసిందో ఆవిడకే అర్థం కాలేదు. చూశారా, ఆవిడా ఒక ఫ్యానే!

గతంలో ఏముంది? విజన్ శవాన్నిస్తే పూడ్చిపెట్టుకుంటానని వాండా సర్కారువాళ్ళని అడగడానికి వెళ్తుంది. అక్కడ అతన్ని బల్లలమీద ముక్కలుగా విప్పుతున్నారు. మూడువందల కోట్ల డాలర్ల లోహాన్ని మట్టిలో కలపనివ్వమంటారు. చివరికి వచ్చేస్తుంది. కారులో ఒక కాగితం ఉంటుంది. వెస్ట్‌వ్యూలో విజన్ కొన్న ఇంటి స్థలం పత్రం. ముసలివాళ్ళమయ్యేదాకా కలిసి ఉండే చోటు అని దానిమీద అతని చేతిరాత. వెళ్ళి చూస్తే పునాదులు తప్ప ఏమీ లేదు. చుట్టూ అందరిళ్ళూ ఉన్నాయి. ఆ ఖాళీ స్థలం మధ్య మోకాళ్ళమీద కూలబడుతుంది. ఆ ఏడుపులోంచి ఇల్లు లేస్తుంది, ఊరు మారిపోతుంది, చివరికి మొగుడు కూడా పుడతాడు. చిన్నప్పుడు తల్లీతండ్రీ పక్కన కూర్చుని చూసిన హాస్య నాటికల్లో ఉండే ఇల్లు అది. ఎందుకంటే ఆ పిల్ల జీవితంలో క్షేమంగా ఉన్న సాయంత్రాలు అవే.

మెఫిస్టో లేడు. ఎవరూ లేరు. ఒక ఆడమనిషి దుఃఖం, అంతే.

ఫ్యాన్లు చాలామంది డీలా పడిపోయారు. మావాడైతే "ఇంతేనా?" అన్నాడు. ఆ ‘ఇంతేనా’ నాకు ఎక్కడో తగిలింది. ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. ఆడపిల్ల ఈ సంబంధం వద్దంటే "ఎవరు ఎక్కించారే నీకు?" అంటారు. కోడలు వేరు కాపురం అంటే పుట్టింటివాళ్ళు నేర్పి పంపారంటారు. నా మొదటి నవల అచ్చయినప్పుడు మా బంధువుల్లో ఒక పెద్దమనిషి పుస్తకం అటూ ఇటూ తిప్పి, "బాగుందమ్మా, ఎవరు దిద్దారు?" అని అడిగాడు. మంచి చేసినా చెడ్డ చేసినా వెనకాల ఒకరుండాలి. మనకి సొంతంగా ఒక ఊరుని పాడుచేసేంత శక్తి ఉంటుందని ఎవరికీ తోచదు!

ఇదే వాడితో అంటే ఒప్పుకోలేదు. "ఇందులో ఆడా మగా ఏం లేదు పెద్దమ్మా. 2012లో లోకి వచ్చాడు, అతని వెనకాల థానోస్ ఉన్నాడు. మార్వెల్‌వాళ్ళే మాకు అలవాటు చేశారు" అన్నాడు. అదీ నిజమే. ఆ తర్వాత కొంచెం ఆగి, "అయినా వాండా మంచిది. కావాలని అలా చెయ్యదు" అన్నాడు. అప్పుడర్థమైంది నాకు. వాళ్ళు దయ్యాన్ని వెతికింది ఆమెని చిన్నచూపు చూసి కాదు, ప్రేమకొద్దీ. తప్పు ఆమెమీద పడకుండా ఎవరో ఒకరు కావాలి.

కానీ ఆ ప్రేమ ఎంత దూరం పోతుందో ఆలోచించండి. చివరి భాగంలో ఆ డాటీ, అసలు పేరు సారా, వాండా ముందు నిలబడి బతిమాలుతుంది. ఆమెకి ఎనిమిదేళ్ళ కూతురుంది. ఇన్నాళ్ళూ గదిలోంచి బయటికి రాలేదు. కనీసం మీ అబ్బాయిలతో ఆడుకునే వేషమైనా ఇవ్వండి, ఒక్కసారి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానంటుంది. నేను నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ లేచి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. ఈ పని మెఫిస్టో చేసి ఉంటే, మెఫిస్టోని కొట్టేస్తే సరిపోయేది. వాండా చేసింది కాబట్టి ఆ తల్లికి సమాధానం చెప్పవలసింది వాండాయే. మాయ విప్పేస్తే తన మొగుడుండడు, పిల్లలుండరు. తెలిసే విప్పుతుంది. అంతకుముందు పిల్లలిద్దర్నీ మంచాలెక్కించి, దుప్పటి కప్పి, దీపం తీసేస్తుంది. రోజూ చేసే పనే. దయ్యాన్ని గెలిచిన కథ అయితే ఈ దీపం తీసే దృశ్యం ఉండేది కాదు.

ఆ తర్వాత 2022లో ‘డాక్టర్ స్ట్రేంజ్ ఇన్ ది మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ అని ఒక సినిమా వచ్చింది. అందులో వాండా దుర్మార్గురాలు. కారణం? డార్క్‌హోల్డ్ అనే పాడు పుస్తకం చదివిందట! ఎనిమిది వారాలు కష్టపడి వెనకాల ఎవరూ లేరని చెప్పి, చివరికి వెనకాల ఒక పుస్తకాన్ని పెట్టారు. పుస్తకాలు చదివితే ఆడవాళ్ళు చెడిపోతారని మా నాయనమ్మ కూడా అనేది. ఆవిడకి హాలీవుడ్‌వాళ్ళు టికెట్టు డబ్బులిచ్చి ఉండాల్సింది.

మెఫిస్టో సంగతి అడుగుతున్నారా? వచ్చాడు. నాలుగేళ్ళు ఆలస్యంగా, వేరే ఇంటికి. 2025లో ‘ఐరన్‌హార్ట్’ చివరి భాగంలో, సాషా బారన్ కోహెన్ రూపంలో. రీరీ విలియమ్స్ అనే చదువుల పిల్ల కథ అది. ఆ పిల్లదీ దుఃఖమే. చచ్చిపోయిన స్నేహితురాలు కావాలి. మెఫిస్టో బేరం పెట్టాడు.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. ఆ భాగం చూసి ఉండబట్టలేక, ఇక్కడ తెల్లవారకముందే ఫోను చేశాడు. "వచ్చాడు పెద్దమ్మా, వచ్చేశాడు!" అని ఒకటే కేకలు.

మా వారు ఉలిక్కిపడి లేచి, "ఎవరొచ్చారు?" అన్నారు.

"మెఫిస్టో" అన్నాను.

"ఇంత పొద్దున్నేనా? ఇంకా పాలు కూడా రాలేదు, కాఫీ ఎలాగ?" అంటూ కళ్ళజోడు కోసం వెతుక్కున్నారు.