దొనలోని నీరు

కడప నుండి రాజంపేటకు పోవు దారిలో, కడపకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున ఒంటిమిట్ట గ్రామము కలదు. ఇచటి కోదండరామాలయమున సీతారామలక్ష్మణుల విగ్రహములు ఒకే శిలయందు మలచబడినవి. అందువలననే ఈ క్షేత్రమునకు ఏకశిలానగరమని పేరు వచ్చినదందురు. 1652లో ఈ దారిని పోయిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ ఆలయమును చూచి ఎంతయో కొనియాడెను.

ఒక డిసెంబరు నెలలో యువదంపతులు ఇద్దరు ఈ గ్రామమునకు వచ్చిరి. ఇద్దరును నగరమున ఉద్యోగులు. ఏడాది పొడుగునను గదులలో కూర్చుండి పనిచేయు వారికి నాలుగు దినములు ఆరుబయట గడపవలెనని కోరిక కలిగెను. డేరా, దుప్పట్లు, వంటగిన్నెలు సైకిళ్లకు కట్టుకొని వచ్చిరి. దంపతులు సైకిళ్లపై దేశము చూచుట కొత్త సంగతి కాదు. 19వ శతాబ్ది చివర వర్క్‌మన్ దంపతులను అమెరికావారు మన దేశమున వేల మైళ్లు సైకిళ్లపై తిరిగి, ఆ యాత్రను గ్రంథముగా వ్రాసిరి. ఆ సంగతి ఎరిగిన భర్త, తామును ఎవరి సాయమును కోరక తిరుగవలెనని నిశ్చయించుకొనెను.

కొండమీద డేరా వేయవలెనని వారు మొదట తలచిరి. కాని అనుమతి లేక అడవిలో ప్రవేశించుట నేరమని అటవీ ఉద్యోగి తెలిపెను. ఆ నిషేధమునకు తగిన కారణము లేకపోలేదు. విలువగల ఎర్రచందనము సహజముగా పెరుగునది ఈ దక్షిణపు తూర్పు కనుమలలోనే. అంతరించిపోయినదని అందరును తలచిన కలివికోడి 1986 జనవరిలో ఈ కడప జిల్లాలోనే మరల కనబడెను. అది రాత్రివేళ ముళ్లపొదల నడుమ తిరుగాడు పక్షి. అట్టి తావుల మంటలు వేసి సందడి చేయరాదు. అందుచే వారు ఒక రైతును అడిగి, అతని మామిడితోటలో డేరా వేసికొనిరి. ఆ రాత్రి చలిలో, పల్లెవారు పిల్లలకోడి యని పిలుచు కృత్తికా నక్షత్రములు తోటపైన తళతళ మెరయుచుండగా, వారు చాలసేపు మేల్కొనియుండిరి.

మరునాడు ఉదయమున, అడవి హద్దు దాటకుండ కొండ అడుగున సాగు బండిబాటను పట్టిరి.

“ఇంకొక సీసా నీళ్లు తీసుకుందామండీ” అని భార్య అనెను.

“బరువు పెరుగుతుంది. చలికాలంలో దప్పిక ఏముంటుంది?” అని భర్త ఒప్పుకొనలేదు.

రాయలసీమలో చలి తెల్లవారుజామున మాత్రమే. పది గంటలు దాటునప్పటికి ఎండ చురుక్కుమనెను. కొంత దూరము పోగానే తుమ్మముల్లు గ్రుచ్చుకొని భర్త సైకిలు గాలి పోయెను. గిన్నెలో నీరు పోసి, ట్యూబును ముంచి, బుడగలు వచ్చిన చోట అతుకు వేసెను. పావుగంట గడువకముందే గాలి మరల పోయెను. ఇప్పుడు వారియొద్ద మిగిలినది అరసీసా నీరు. ట్యూబునకు పోసిన త్రాగుటకు లేదు. త్రాగిన రంధ్రము తెలియదు. భర్త మాటాడలేదు. భార్యయు ఉదయపు మాటను ఎత్తలేదు.

అంతలో గొర్రెలను తోలుకొని ఒక ముసలి కాపరి ఆ దారిని వచ్చెను.

“ఏమి నాయనా, గాలి పోయిందా?”

“పోయింది పెద్దాయనా. రంధ్రం వెదకడానికి నీళ్లు లేవు” అని భర్త తలవంచుకొని చెప్పెను.

కాపరి వారిని దగ్గరనున్న బండల చాటునకు కొనిపోయెను. అచట నీడపట్టున ఒక దొన, దానిలో వాననీరు ఉండెను. భర్త ఆతురతతో ట్యూబును ముంచబోగా కాపరి చేయి పట్టుకొనెను.

“దాంట్లో వద్దు నాయనా. జీవాలు తాగే నీళ్లు.”

అతడు ఒక చెంబెడు నీరు తీసి, పక్క బండపైనున్న గుంటలో పోసెను. అందులో ట్యూబును కొంచెము కొంచెముగా త్రిప్పగా బుడగలు పైకి లేచినవి. అతుకు వేసిన పిమ్మట కాపరి టైరు లోపల వ్రేలితో మెల్లగా తడవి, విరిగియున్న ముల్లుకొనను పెరికి చూపెను. మొదటి ముల్లు అందే నిలిచియుండుటచే గాలి మరల పోయినది! గుంటలో మిగిలిన నీటిని అతడు ఒక రేగుచెట్టు మొదట పోసెను.

భార్య సంచినుండి డబ్బు తీసెను.

“నీళ్లకు దుడ్లు తీసుకుంటారా తల్లీ? పోయేటప్పుడు దొన మీద ఆ కంప కప్పి పోండి. ఆకులూ అలములూ పడకుండా ఉంటుంది” అని చెప్పి కాపరి గొర్రెల వెంట వెడలిపోయెను.

సాయంకాలము వారు ఆలయమునకు పోయిరి. సీతకు దప్పిక కాగా శ్రీరాముడు బాణముతో నేలను కొట్టి నీటిబుగ్గను పుట్టించెనను స్థలపురాణమును వినిరి. శిథిలమైన ఈ ఆలయమును బాగుచేయుటకై పండితుడైన వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతపట్టి ఊరూర బిచ్చమెత్తిరని కూడ తెలిసికొనిరి.

బయటకు వచ్చి మెట్లపై కూర్చుండిన భార్య నవ్వుచు, “వనవాసంలో రాముడంతటి వాడికే గంగ దాటడానికి గుహుడి పడవ కావలసి వచ్చింది కదండీ!” అనెను.

“నిజమే. రేపు ఇంకొక రెండు సీసాలు నింపుకుందాం” అని భర్తయు నవ్వెను.

మరునాడు వారు మరల ఆ దారినే పోయిరి. గాలికి కాబోలు, దొనపై కప్పిన కంప ప్రక్కకు ఒరిగియుండెను. భర్త సైకిలు దిగి, దానిని సరిగా కప్పి, ఎగిరిపోకుండ దానిపై ఒక రాయి ఉంచెను.