దారి తప్పానని చెప్పడానికి ఏడు నిమిషాలు

పెళ్లికో పేరంటానికో కారులో వెళ్తూ దారి తప్పితే ఏం చేస్తాం? టీ కొట్టు దగ్గర ఆపి అడుగుతాం. మా నాన్న మాత్రం అడగరు. 'ఇదే దారి, నాకు తెలుసు' అంటూ ఇంకో పది కిలోమీటర్లు పోనిస్తారు. వెనక సీట్లో అమ్మ గొణుగుతూనే ఉంటుంది. ఆ గుణం నాకూ వచ్చిందని 2003లో తెలిసింది. అదీ ఎక్కడ... ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎడారి మీద, ఆకాశంలో!

ఉద్యోగం మీద ఆలిస్ స్ప్రింగ్స్‌ వెళ్లాను. చుట్టూ ఎర్రమట్టి, ఎండిన ఏర్లు. సాయంత్రాలు తోచేది కాదు. ఊళ్లో విమానం నడపడం నేర్పుతారని విని చేరిపోయాను. సెస్నా 172... నాలుగు సీట్లు, ఒక్కటే ఇంజిన్. మన పాత మారుతీ 800 కన్నా బరువు కాస్తే ఎక్కువ. మేం నడిపినదాంట్లో జీపీఎస్ లేదు. కాగితం మ్యాపు, చేతి గడియారం, దిక్సూచి... అంతే.

నేర్పించినాయన అరవై దాటిన మనిషి. పేరు పెట్టి పిలవమనేవారు. నాకు నోరు రాక 'సార్' అంటే నవ్వేవారు. ఎగురుతుండగా హఠాత్తుగా ఇంజిన్ పవర్ తగ్గించేసి, 'ఇంజిన్ పోయింది. ఎక్కడ దిగుతావ్?' అనేవారు. మొదటిసారి గుండె జారిపోయింది. కానీ ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడిపోదు. ముక్కు సర్ది, వేగం 65 నాట్ల దగ్గర నిలబెడితే ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు రెండున్నర కిలోమీటర్లు జారుతూ పోతుంది. ఆలోగా గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, చదునైన చోటు ఎంచుకోవాలి. పెట్రోలు ట్యాంకు మార్చి, స్విచ్‌లు సరిచూసి ఇంజిన్‌ని మళ్లీ బతికించాలని చూడాలి. రేడియోలో చెప్పడం చివర. ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాతే మాటలు. దిగాక మాత్రం ఆయన ఒక్కటే పట్టుబట్టేవారు: విమానాన్ని వదిలి నడిచి వెళ్లొద్దు. పైనుంచి వెతికేవాళ్లకి మనిషి చుక్క కూడా కాదు, రెక్కలైతే కనిపిస్తాయి.

2009 సెప్టెంబరు 2న నల్లమల మీద రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ జాడ తెలియక మర్నాటిదాకా టీవీల ముందు కూర్చున్న మనకి, వెతకడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

లైసెన్సు వచ్చాక సార్ నన్ను ఆ ఊరి విమానాల మ్యూజియానికి తీసుకెళ్లారు. అక్కడ 'కూకబుర్రా' అనే చిన్న విమానం శిథిలం ఉంది. 1929 ఏప్రిల్‌లో కింగ్స్‌ఫర్డ్ స్మిత్ విమానం కనిపించకపోతే, కీత్ ఆండర్సన్, బాబ్ హిచ్‌కాక్ అనే ఇద్దరు దాన్ని వెతకడానికి ఈ విమానంలో వెళ్లారు. తనామీ ఎడారిలో ఇంజిన్ మొరాయిస్తే క్షేమంగానే దిగారు. బాగు చేసుకున్నారు కూడా! కానీ పొదల మధ్య నుంచి మళ్లీ లేవలేకపోయారు. వెంట తెచ్చుకున్న నీళ్లు కొంచెమే. కొన్ని రోజుల్లోనే దాహంతో పోయారు. ఆఖరి మాటలు విమానం తోక గుడ్డ మీద రాసుకున్నారు. వాళ్లు వెతకబోయినవాళ్లు మాత్రం ప్రాణాలతో దొరికారు. ఆ ఇనుప ఊచల్ని చూసి బయటికి వచ్చాక నేను చేసిన మొదటి పని, పెద్ద నీళ్ల డబ్బాలు రెండు కొనడం.

మూడో నెలలో ఒంటరిగా యుయెండుము బయల్దేరాను. వాయవ్యంగా 150 నాటికల్ మైళ్లు, గంటన్నర ప్రయాణం. ఫలానా టైముకి దిగుతానని ముందే చెప్పి వెళ్లాలి. ఆ టైముకి మన కబురు అందకపోతే ఆరా తీయడం, వెతకడం మొదలుపెడతారు. దాన్ని 'సార్‌టైమ్' అంటారు. తనామీ రోడ్డు కుడిపక్కన కనిపిస్తూ ఉంది. దారిలో గడ్డి తగలబడుతోంది. పొగ తప్పించుకోవడానికి ఎడమకి తిరిగాను. పొగ దాటాక కింద ఎర్రటి గీతలాంటి దారి కనిపించింది. హమ్మయ్య, రోడ్డు దొరికిందనుకున్నాను.

టిల్మౌత్ వెల్ అనే మజిలీ 52వ నిమిషానికి రావాలి. రాలేదు. ఎదురుగాలి ఎక్కువేమో అనుకున్నాను. దూరంగా ఓ గుట్ట కనిపిస్తే మ్యాపులో దానికి సరిపోయే గుట్ట వెతికి పెట్టుకున్నాను. సార్ వందసార్లు చెప్పారు... ముందు గడియారం చూడు, తర్వాత మ్యాపు, ఆఖరికి నేల. నేలనే ముందు చూస్తే మ్యాపులో నీకు కావాల్సింది ఏదో ఒకటి దొరుకుతుంది! నేను చేసింది అదే. చెయ్యి రేడియో దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అందరూ వింటారు. కొత్త పైలట్, పైగా ఇండియా నుంచి వచ్చినవాడు, దారి తప్పాడంటారు. అలా ఏడు నిమిషాలు పోయాయి. కింద దారి ఓ పశువుల దొడ్డి దగ్గర ఆగిపోయింది. అది రోడ్డు కాదు, ఎవరిదో పశువుల క్షేత్రంలో బాట.

తోక గుడ్డ మీది రాతలు గుర్తొచ్చాయి. ఎత్తు పెంచాను. పైకి వెళ్తే దూరం కనిపిస్తుంది, రేడియో కూడా అందుతుంది. 8,500 అడుగుల దగ్గర నోరు విప్పాను. 'నేనెక్కడ ఉన్నానో నాకు తెలియడం లేదు.'

అవతల ఆడగొంతు, ఏ కంగారూ లేదు. 'సరే, పెట్రోలు ఎంతుంది?' రెండున్నర గంటలకి ఉందన్నాను. 'అయితే బోలెడు టైముంది' అంది. ఆలిస్ స్ప్రింగ్స్‌లోని దారిచూపే కేంద్రం సంకేతాన్ని అందుకోమంది. కింద కదలని ముల్లు ఈ ఎత్తులో కదిలింది. ఉండాల్సిన గీత కన్నా 8 డిగ్రీలు ఎడమకి ఉన్నాను. 60 మైళ్లకి ఒక్క డిగ్రీ తేడా అంటే ఒక మైలు. ఆ లెక్కన 90 మైళ్ల దగ్గర 12 మైళ్లు పక్కకి వచ్చేశాను. కుడికి తిప్పి, గడియారం చూస్తూ కూర్చున్నాను. అనుకున్న నిమిషానికి అసలు రోడ్డు వచ్చింది. ఇప్పుడైతే ట్యాబ్‌లో నీలం చుక్క అన్నీ చెప్పేస్తుంది. ఎండకి అది వేడెక్కి ఆగిపోయిన రోజున మళ్లీ ఈ గడియారమే గతి.

యుయెండుములో దిగి, రెక్క నీడలో కూలబడి డబ్బాలో సగం నీళ్లు తాగేశాను. కళ్లు మూసుకున్నాను. కాసేపటికి దుమ్ము రేపుకుంటూ పోలీసు బండి వచ్చి ఆగింది. 'ఆ పైలట్‌వి నువ్వేనా? దిగినట్టు చెప్పలేదట, ఫోన్లు వస్తున్నాయి' అన్నాడాయన. సంతోషంలో సార్‌టైమ్ రద్దు చేయడం మర్చేపోయాను!

స్టేషన్‌కి తీసుకెళ్లి ఫోన్ చేతికిచ్చాడు. క్షమాపణ చెప్పాను. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతులేవీ ఎత్తలేదు. నాన్నకి ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఆదివారం పుస్తకం ముందు తీసేది ఆయనే.