మెరుపు సరే... ఊపిరి మాటేంటి?

గుడ్లవల్లేరులో ఓ రిటైర్డ్ మాస్టారి దగ్గర పాత చేతక్ ఉంది. 1972లో బజాజ్ తెచ్చిన ఆ స్కూటరుకు రాణాప్రతాప్ గుర్రం పేరు పెట్టారని ఎదురైన పిల్లలందరికీ చెబుతుంటారాయన. ఆయన బండి మరీ అంత పాతదేం కాదు. కానీ పాతికేళ్లు ఆయన్ని బడికి మోసింది. ఈమధ్యే తుప్పు గీకించి, ప్రైమర్ కొట్టించారు. నీలం రంగు, దానిపైన అద్దంలా మెరిసే క్లియర్ కోటు మాత్రం పెరట్లో తన చేత్తోనే కొట్టాలని పట్టుబట్టారు.

క్లియర్ కోటంటే మరేం లేదు. తలుపులకు కొట్టే వార్నిష్‌కు చుట్టమే. రంగుండదు. కింది రంగుకు మెరుపునిచ్చి, ఎండకు వెలిసిపోకుండా కాపాడుతుంది. వాటిలో ఏది తేలిక? షెడ్డులో పెయింటరు రెండు రకాలు చెప్పాడు... వన్‌కే, టూకే.

వన్‌కే డబ్బాలో నేరుగా దొరుకుతుంది. కలపక్కర్లేదు, కంప్రెషర్ అక్కర్లేదు. బాగా ఊపి స్ప్రే చేయడమే. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే సులువు. చిక్కల్లా పెట్రోలుతోనే. చేతక్‌కు పెట్రోలు మూత సీటు కింద ఉంటుంది. బంకులో కాస్త పొర్లిందా, పక్కలకు జారి ఆ పూతను మెత్తబరుస్తుంది. నాలుగుసార్లు పొర్లితే మెరుపు హుళక్కే.

టూకేలో హార్డెనర్ కలుపుతారు. రెండూ కలిసి రసాయనికంగా గట్టిపడతాయి కాబట్టి పెట్రోలుకు తట్టుకుంటుంది, ఏళ్ల తరబడి మెరుస్తుంది. పాళ్లు తప్పకూడదు. డబ్బా మీద కంపెనీ ఎంత రాస్తే అంతే, కంటి కొలత పనికిరాదు. కలిపాక గంటల్లో వాడేయాలి.

ఇక మన డెల్టా గాలి సంగతి. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, బందరు వైపునుంచి సముద్రపు గాలి. తేమలో స్ప్రే చేస్తే పూతలోని థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. దానిమీద నెమ్ము చేరి, మెరవాల్సింది కాస్తా పాలు పోసినట్టు తెల్లబారుతుంది. అందుకే పొద్దుటి మంచు విడిచి, ఎండ కాస్త ముదిరాక మొదలుపెట్టి, సాయంత్రం చల్లబడేలోపే ముగించాలి. వాన వెలిసిన రోజూ వద్దు. నూర్పిళ్ల దుమ్ము రేగే రోజుల్లో అసలే వద్దు. కంప్రెషర్ గొట్టంలో నీళ్లు పట్టే వడపోత లేకపోతే గన్ను లోంచే చుక్కలు పడతాయి.

మొదటి పూత పలచగా. పది, పదిహేను నిమిషాలాగి, మాస్కింగ్ టేపు మీద వేలు పెడితే తీగలు సాగకపోతే రెండోది. తొందరపడి చిక్కగా కొడితే కారుతుంది. మరీ దూరంనుంచి కొడితే నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. గరుకైతే బెంగ లేదు. పూర్తిగా ఆరాక రెండు వేల నంబరు నీటి కాగితంతో రుద్ది, కాంపౌండుతో పాలిష్ పడితే సరి. అసలు మెరుపంటే నున్నదనమే కదా!

మాస్టారు టూకేకే మొగ్గారు. అప్పుడు పెయింటరు ఓ మాటన్నాడు. ''పెరట్లో వద్దు మాస్టారూ! మీ మనవడికి ఆయాసం కదా.'' నిజమే. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఆయాసం లేనివాళ్లకూ రావచ్చు. ఒకసారి పడకపోవడం మొదలైతే, తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. వాసన రాలేదు కదా అని ధీమా పడటానికీ లేదు. ఇంత తెలిసిన ఆ పెయింటరు మాత్రం రోజూ ముక్కుకు తువ్వాలు చుట్టుకునే కొడుతున్నాడు! తువ్వాలు, దుమ్ము మాస్కు దానికి ఏమాత్రం ఆగవు. బయటి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే మాస్కు కావాలి.

మాస్టారు బేరం పెట్టారు. చిన్న డిక్కీ మూత తను వన్‌కేతో కొట్టుకుంటారు. మిగతా బండి షెడ్డులో, టూకేతో. కాకపోతే మాస్కు వచ్చేదాకా గన్ను పట్టకూడదు. పెయింటరు నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. బెజవాడ ఆటోనగర్‌నుంచి మాస్కు తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ చేతక్ బూడిదరంగు ప్రైమర్‌తోనే నిలబడింది.

మాఘమాసంలో ఓ మధ్యాహ్నం పని పూర్తయింది. కొన్ని వారాలదాకా సబ్బుతో కడగొద్దని, ట్యాంకు నిండా పెట్రోలు పోయించొద్దని పెయింటరు మరీమరీ చెప్పి పంపాడు. మనవడు బండి పక్క డొప్పలో మొహం చూసుకుని తల దువ్వుకుంటున్నాడు. దువ్వెన తగలకుండా మాస్టారు పక్కనే కాపలా!