జిల్లా పేరు నమ్మి రాసిన రాత

మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద ఉన్న 126వ నంబరు ఇల్లు తెలుగువాళ్ళకు బాగా తెలిసిన చిరునామా. బులుసు సాంబమూర్తిగారి ఇల్లది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రం కోసం అక్కడే నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. ఇప్పుడది స్మారక భవనం. ఈ పేటలోనే కాపురముంటున్నదాన్ని గనక ఆ కథంతా నాకు తెలుసనే ధీమా ఉండేది. ఆ ధీమాతోనే తప్పు చేశాను.

ఒక తెలుగు సంఘం వాళ్ళు చిన్న ప్రదర్శన పెడుతూ, ఆంధ్ర రాష్ట్రం కోసం పాటుపడినవాళ్ళు ఏయే ఊళ్ళవాళ్ళో చూపించే పటం తయారుచేయమని నన్ను అడిగారు. జిల్లాలు గీసిన ఆంధ్రప్రదేశ్ పటం కొనుక్కొచ్చి అట్టకు అంటించాను. రంగు గుండుసూదులు గుచ్చి, ఒక్కోదాని కింద చిన్న చీటీ రాసి పెట్టాను. ప్రకాశం జిల్లాలో ప్రకాశం పంతులుగారు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో శ్రీరాములుగారు. ఇద్దరి చీటీల మీదా ‘జన్మస్థలం’ అనే రాశాను. ఎవరి పేరున్న జిల్లాలో వాళ్ళు చక్కగా కుదిరారు. ఒక్క పుస్తకం కూడా తిరగేయలేదు. జిల్లా పేరే సాక్ష్యమనుకున్నాను.

ప్రదర్శనకు వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చీటీకి మొహం ఆనించేంత దగ్గరగా వంగి చదివారు. తరవాత నన్ను పిలిచి, “మాది కనిగిరి కాడమ్మా. శ్రీరాములుగారి పెద్దలది మా వైపు ఊరే గదా, పడమటిపల్లె. నెల్లూరు జిల్లాలో గుచ్చారేంది?” అన్నారు.

“నెల్లూరు జిల్లాకే కదండీ ఆయన పేరు పెట్టింది” అన్నాను.

“పేరు పెడితే ఊరు నడిచిపోయిద్దా అమ్మా?”

అప్పుడైనా ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. పక్కన నలుగురు వింటున్నారు. ప్రభుత్వమే ఆ పేరు పెట్టిందని, ఏమీ చూడకుండా పెట్టరు కదా అని ఆయనతో వాదించాను. ఆయన తన సొంత ఊరి సంగతి చెబుతుంటే, ఆ ఊరి ముఖం కూడా చూడని నేను కాదన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మిగతా పటాలు చూసి వెళ్ళిపోయారు. తప్పు చీటీ రాసినందుకన్నా ఆ వాదనకే నేను ఎక్కువ బాధపడుతున్నాను.

తరవాత పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, రెండు చీటీలూ తప్పేనని తేలింది.

1970కి ముందు ప్రకాశం జిల్లా అన్నదే లేదు. ఆ ఏడు ఫిబ్రవరి 2న గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు, నెల్లూరు జిల్లా నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు, కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు విడదీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో, పంతులుగారి శతజయంతి సంవత్సరంలో, దానికి ఆయన పేరు పెట్టారు. అంటే కనిగిరి 1970దాకా నెల్లూరు జిల్లాలోదే. శ్రీరాములుగారి పూర్వీకుల ఊరు అలా ప్రకాశం జిల్లాలోకి వెళ్ళింది. ఆయన పుట్టింది అక్కడా కాదు, నెల్లూరులోనూ కాదు. ఇక్కడే, మద్రాసు జార్జ్‌టౌన్‌లోని అణ్ణాపిళ్ళై వీధిలో, 1901 మార్చి 16న. నేనుండే ఊళ్ళో పుట్టి, నేనుండే పేటలో పోయిన మనిషిని తీసుకెళ్ళి నెల్లూరులో పుట్టించాను.

పంతులుగారి సంగతి మరీ విచిత్రం. ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకు ముందు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోది. కాబట్టి ప్రకాశంగారు పుట్టేనాటికి ఆయన ఊరు నెల్లూరు జిల్లాలో ఉంది. ఒకరి పేరు పెట్టిన జిల్లాలోకి రెండోవారి పూర్వీకుల ఊరు చేరింది, రెండోవారి పేరున్న జిల్లాలో మొదటివారు పుట్టారు. ఇది తెలిసిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మద్రాసు రాష్ట్రానికి 1946–47లో ప్రధానిగా, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిగా ఏలిన మనిషి పేరు జిల్లాకు పెట్టడం సబబే. పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కొడుకును చదివించారు. ఆ ఊరికి ఆయన మీద హక్కుంది. శ్రీరాములుగారి మీద నెల్లూరుకూ అంతే హక్కు ఉంది. ఎర్రటి ఎండలో చెప్పులు, గొడుగు లేకుండా, అంటరానితనం పోవాలని రాసిన అట్టలు మెడలో వేసుకుని ఆయన తిరిగింది నెల్లూరు వీధుల్లోనే. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని 1946లో దీక్ష పట్టిందీ అక్కడే. 2008లో జిల్లాకు పెట్టిన పేరు ఆ పనికి దక్కిన గౌరవం. అది పుట్టుక పత్రం కాదు. నేను దాన్ని పుట్టుక పత్రంగా చదివాను.

ఇలాంటి పేర్ల చిక్కులు మనకొక్కరికే లేవు. అమెరికాలో మిన్నెసోటాలో స్టీవెన్స్ కౌంటీ అని ఒక పల్లెటూళ్ళ జిల్లా ఉంది. ఆ పేరు వాషింగ్టన్ టెరిటరీ మొదటి గవర్నరు ఐజక్ స్టీవెన్స్‌ది. ఆయన పాలించింది అక్కడికి ఎంతో దూరాన, పడమటి సముద్రం వైపు. 1853లో రైలుదారి సర్వే కోసం మిన్నెసోటా మీదుగా వెళ్ళారు. ఆ చుట్టరికం చాలింది. అంతకు ముందు ఇంకో కౌంటీకి ఆయన పేరు పెట్టబోతే, కాగితాల మీద పొరపాటు జరిగి స్టెర్న్స్ అనే ఇంకొకరి పేరు స్థిరపడిపోయిందట. ఆయనకు వేరే కౌంటీ చూడవలసి వచ్చింది. పటం మీది పేరు చూసి మనిషి ఊరు చెబితే అక్కడా నాలాగే తప్పుతారు.

పటం మళ్ళీ చేశాను. ఈసారి ‘జన్మస్థలం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టలేదు. శ్రీరాములుగారికి నాలుగు సూదులు గుచ్చాను: పుట్టిన మద్రాసుకు, పెద్దల ఊరు పడమటిపల్లెకు, పనిచేసిన నెల్లూరుకు, ప్రాణం విడిచిన మైలాపూరుకు. పటంలో మద్రాసు లేదు గనక దక్షిణపు సరిహద్దు కింద ఇంకో కాగితం అతికించాను. ప్రతి జిల్లా పేరు పక్కనా అది ఏ సంవత్సరపు జిల్లానో రాశాను. ‘1872 నాటికి నెల్లూరు జిల్లా, 1904 నుంచి గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు జిల్లా, 1972 నుంచి ప్రకాశం జిల్లా’ అని వినోదరాయునిపాలెం చీటీ బారెడయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్ళీ విడదీసి, కందుకూరును నెల్లూరులోకి, చీరాలను బాపట్లలోకి మార్చినప్పుడు మరికొన్ని చీటీలు తిరగరాశాను.

కనిగిరి పెద్దాయన కోసం సంఘం వాళ్ళను అడిగాను. ఆయన ఎవరి వెంట వచ్చారో వాళ్ళకు తెలియలేదు. ఇప్పుడు ఏ ఊరి సంగతి రాయవలసి వచ్చినా, అచ్చుకు ఇచ్చేముందు ఆ ఊరివాళ్ళలో ఒకరికి ఫోన్ చేసి చదివి వినిపిస్తున్నాను. వాళ్ళు కాదంటే వాదించడం లేదు, రాసుకుంటున్నాను.